చేతిఫోనే ఇంటి అంతర్జాలమగునా?

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. విద్యుద్దీపములు రాకమునుపు మన పల్లెలలో పెక్కు గృహములకు కిరసనాయిలు బుడ్డియో, హరికేను లాంతరో యొక్కటియే యుండెడిది. ఆ యొక్క దీపము చుట్టును తల్లి వంట చేయుచు, తండ్రి జమాఖర్చు చూచుకొనుచు, పిల్లలు పాఠములు వల్లించుచు నుండెడివారు. వెలుగు చాలకపోయినను ఆ దీపము ఇంటిలోనే యుండెడిది. నేడు మన గృహములలో ననేకములకు అట్టి యొంటి దీపము వేఱొకటి వచ్చియున్నది. అది చేతిఫోను. అయితే ఈ దీపమునకొక విచిత్రమైన గుణము గలదు. తెల్లవాఱగనే అది యజమాని జేబులో చేరి వీధిలోనికి వెడలిపోవును. అటుపిమ్మట ఇల్లు చీకటి.

ప్రియ విద్యార్థులారా, తల్లిదండ్రులారా, సహోపాధ్యాయులారా! చేతిఫోనునకు గల హాట్‌స్పాట్ అను సౌకర్యముచేత ఇంటిలోని కంప్యూటరునకును, ఇతర పరికరములకును అంతర్జాలము నందించుకొను పద్ధతిని గూర్చి నా యభిప్రాయమును ఈ సంచికాముఖమున విన్నవింప గోరుచున్నాను. ఈ పద్ధతి మంచిదే యని నా తలంపు. పేదకుటుంబములకు దీనివలన మేలు కలిగినది. కాని దీనిని చూచి 'ఈ యింట అంతర్జాలమున్నది' అని పాఠశాల తన లెక్కలో వ్రాసికొనుట పొరపాటని నా దృఢమైన నమ్మకము. ఈ రెండు మాటలును ఒకదానికొకటి విరుద్ధములు కావని చూపుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా ఈ పద్ధతి యెట్టిదో చిన్న తరగతుల బాలురకు తెలియునట్లు చెప్పెదను. చేతిఫోను సమీపమందలి టవరుతో రేడియో తరంగముల మూలమున సంబంధము కలిగియుండును. సాధారణముగా అట్లు వచ్చిన సమాచారమును అది తన తెరమీదనే చూపును. హాట్‌స్పాట్ తెఱచినంతనే అది కేవలము పుచ్చుకొనునదిగా నుండక మధ్యవర్తి యగును. టవరునుండి ఒక చేత పుచ్చుకొని, వైఫై యను స్వల్పదూర తరంగములచేత మఱియొక చేత లాప్‌టాపునకో వేఱొక ఫోనునకో అందించును. యూఎస్‌బీ తీగతో కంప్యూటరునకు కలిపినను, బ్లూటూతుచేత కలిపినను ఇదే పని జరుగును. ఆంగ్లమున దీనిని టెథరింగు అందురు. పశువును పలుపుతో గుంజకు కట్టివేయుట యని ఆ మాటకు మూలార్థము. గుంజ యెచ్చట నున్నదో పశువు అచ్చటనే మేయవలెను. గుంజయే లేచి నడచిపోయినచో పశువు గతి యేమి? ఈ ప్రశ్నను మనసునందుంచుకొని తక్కిన భాగము చదువ ప్రార్థన.

ఈ సౌకర్యము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 2010లో వెలువడిన ఆండ్రాయిడ్ 2.2లో ఇది చేర్చబడెను. 2011లో ఐఫోనులకును వైఫై హాట్‌స్పాట్ వచ్చెను. కాని ఆ దినములలో మన దేశమున 1 జీబీ డేటాకు 200 రూపాయలకు పైగా చెల్లింపవలసి యుండెను గనుక, దానిని మఱియొక పరికరముతో పంచుకొను సాహసము సామాన్యులు చేయకుండిరి. 2016 సెప్టెంబరు 5వ తేదీన రిలయన్స్ జియో సేవలు ప్రారంభమైన పిమ్మట కంపెనీల నడుమ పోటీ పెరిగి ధరలు శీఘ్రముగా పడిపోయెను. దినమునకు 1 జీబీ, 1.5 జీబీ, 2 జీబీ అని కొలిచియిచ్చు పథకములు వచ్చెను. 2022 అక్టోబరు 1వ తేదీన మన దేశమున 5జీ సేవలు ఆరంభమయ్యెను. 2024 జూలైలో కంపెనీలు ధరలను మఱల పెంచినను, పూర్వముతో పోల్చిచూచిన డేటా నేటికిని చౌకయే. ఈ విధముగా చేతిఫోను మాటలాడుకొను యంత్రముగా మన యిండ్లలో ప్రవేశించి, క్రమక్రమముగా ఇంటికంతకును అంతర్జాలమిచ్చు యంత్రమైనది.

దీని మేలును చెప్పకుండుట కృతఘ్నత యగును. తీగ వేయించుకొనుటకు గోడకు రంధ్రము చేయవలసిన పని లేదు. అద్దె యింటి యజమాని యనుమతి యక్కఱలేదు. ఇల్లు మారినచో ఫోనుతోపాటు అంతర్జాలమును వచ్చును. మన పాఠశాలలోని బాలురలో పనులకొఱకు ఊరూరు తిరుగు తల్లిదండ్రుల బిడ్డలు కలరు. వారికి తీగ కట్టుకొనుట యెట్లు సాధ్యము? తుపాను వేళ స్తంభములు కూలి తీగలు తెగినను, టవరు నిలిచియున్నంతవఱకు ఫోను పనిచేయును. పరీక్షాఫలితము చూచుకొనుటకో, విద్యార్థివేతనమునకు దరఖాస్తు పంపుకొనుటకో పూర్వము పట్టణమందలి ఇంటర్నెట్టు కేంద్రమునకు పోయి, పనికూలి పోగొట్టుకొని, గంటకింతయని చెల్లించి వచ్చెడివారు. నేడు ఆ పని అరుగుమీద కూర్చుండి చేసికొనుచున్నారు. ఇది స్వల్పమైన మేలు కాదు.

ఇక దీని కొఱతలను విచారింతము. మొదటిది కొలతకు సంబంధించినది. దినమునకు 1.5 జీబీ యను పథకమును దృష్టాంతముగా తీసికొందము. ఫోను చిన్న తెరమీద సామాన్యమైన స్పష్టతతో దృశ్యములను చూచినచో గంటకు సుమారు అర జీబీ ఖర్చగును. ఆ లెక్కన మూడు గంటలు వచ్చును. అదే లాప్‌టాపునకు కలిపినచో, పెద్ద తెరకు తగినట్లు దృశ్యము తనంతట తానే హెచ్చు స్పష్టతను కోరుకొనును. అప్పుడు గంటకు 1 జీబీయో, అంతకు మించియో పోవును. ముఖాముఖి చూచుకొనుచు పాఠము వినుటకును గంటకు ఇంచుమించు 1 జీబీ కావలెను. అక్కయు తమ్ముడును వేఱువేఱు పరికరములపై ఒకే వేళ అట్టి పాఠము వినిరేని, ఆ దినముయొక్క గ్రాసమంతయు ముప్పావుగంటలో తీఱిపోవును. మఱియొక విషయము. కంప్యూటరు తాను వైఫైతో కలిసియున్నాననియే యెఱుగును గాని, ఆ వైఫై వెనుక నున్నది ఒక పేద తండ్రి రీఛార్జియని యెఱుగదు. యజమానిని అడుగకయే తన మరమ్మతు ఫైళ్లను దింపుకొనుట కారంభించును. అవి కొన్నివేళల అనేక వందల ఎంబీలు, మఱికొన్నివేళల జీబీలు నుండును. పెరటిలోని తొట్టి నింపుచుండగా అడుగున చిల్లి పడినట్లగును.

కొలత తీఱిన పిమ్మట సంబంధము పూర్తిగా తెగిపోదు. సామాన్యముగా వేగము సెకండునకు 64 కిలోబిట్లకు దిగును. ఈ యంకె చిన్నదిగా కనబడును గాని, దానిని గణితము ననుసరించి చూచినగాని కష్టము తెలియదు. 1 ఎంబీ యనగా 8 వేల కిలోబిట్లు. 64చేత భాగించినచో 125 సెకండ్లు, అనగా రెండు నిమిషములకు పైగా పట్టును. ఉపాధ్యాయుడు నల్లబల్లను ఫొటో తీసి పంపిన 3 ఎంబీల చిత్రమునకు ఆఱు నిమిషములు దాటును. పది పుటలను ఫొటోలుగా తీసి కట్టిన 10 ఎంబీల ఫైలునకు ఇంచుమించు 21 నిమిషములు కావలెను. అదే పాఠమును అక్షరములుగా టైపు చేసి 20 కేబీలలో పంపినచో మూడు సెకండ్లయినను పట్టదు. పాఠము మాఱలేదు, ఫోను మాఱలేదు. పంపినవారి పద్ధతి మాత్రమే మాఱినది. ఉపాధ్యాయులమైన మనము ఈ లెక్కను మన గదుల గోడలపై వ్రాసికొనదగును.

రెండవ కొఱత టవరుకు సంబంధించినది. ఒక టవరుకు గల శక్తిని ఆ చుట్టుపట్ల నున్న ఫోనులన్నియు పంచుకొనవలెను. సాయంకాలము ఏడు మొదలు పదిగంటలవఱకు ఊరంతయు ఫోను తెఱచి కూర్చుండును. సరిగా ఆ వేళనే మన బాలురు పాఠములు వ్రాయవలెను. సంక్రాంతి, క్రిస్మసు దినములలో ఒకే బావికి ఊరంతయు చేదలు వేసినట్లుండును. మూడవది ఫోను దేహమునకు సంబంధించినది. టవరుతోను, వైఫైతోను ఒకే వేళ సంబంధము నిలుపుకొనుచు, అదే సమయమున విద్యుత్తునుకూడ గ్రహించుచున్న ఫోను వేడెక్కును. వేడి బ్యాటరీకి శత్రువు. ఇంటికంతకును ఉన్న యొక్క ఫోను ఈ విధముగా ముందుగానే ముసలిదగును. ఇవియన్నియు ఓర్చుకొనదగిన కొఱతలే. వివేకముతో వాడుకొనినచో వీనిని చాలవఱకు తగ్గించుకొనవచ్చును.

ఓర్చుకొనరానిది నాలుగవ కొఱత. దానిని నాకు బోధించినది పుస్తకము కాదు, మా యెనిమిదవ తరగతిలోని యొక బాలుడు. ఇంటివద్ద వ్రాయవలసిన లెక్కలను నేను సాయంకాలమున తరగతి వాట్సాప్ బృందమునకు పంపు అలవాటు చేసికొంటిని. ఆ బాలుడు వరుసగా మూడు దినములు లెక్కలు చేయక వచ్చెను. నేను కారణమడిగితిని. వాడు తలవంచుకొని నిలుచుండెనే గాని యేమియు చెప్పలేదు. నేను తరగతిముందు వానిని సోమరియని మందలించితిని. మఱునాడు వాని తల్లి వచ్చి వరండాలో నిలుచుండి, కోపము లేకయే, నాతో ఇట్లు చెప్పెను: "మాస్టారూ, మా ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటేనండీ. తెల్లారకముందే వాళ్ళ నాన్నతో ఆటోలో వెళ్ళిపోతుంది. ఆయన తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నరవుతుంది. అప్పుడు మా పెద్దపిల్ల కాలేజీ పనికి లాప్‌టాపుకి కలుపుకుంటుంది. ఈలోగా వీడు కునికిపాట్లు పడుతూ ఉంటాడు. లేపి రాయించమంటారా, పడుకోనివ్వమంటారా? మీరే చెప్పండి."

ఆ ప్రశ్నకు నాయొద్ద నుత్తరము లేకపోయెను. తండ్రి ఫోనును ఇంటివద్ద విడిచిపోవచ్చును గదా యని యొక క్షణము తోచినది. కాని ఆటో పిలుపులు ఆ ఫోనుకే వచ్చును. ప్రయాణికులు కిరాయి చెల్లించుటయు ఆ ఫోనుకే. కోటి విద్యలు కూటికొఱకే యన్నప్పుడు, కూడు తెచ్చు పనిముట్టును ఇంట విడిచిపొమ్మనుట తగునా? ఆ కుటుంబమున నెవ్వరి తప్పును లేదు. అక్క చదువును అవసరమే, తమ్ముని నిద్రయు అవసరమే. తప్పు నాది. రిజిష్టరునందు వారి యింటికెదురుగా ఫోను సంఖ్య వ్రాసియుండుటచేత, ఆ యింట అంతర్జాలమున్నదని నేను తలంచితిని. ఆ సాయంకాలమున ఆ యింట నున్నది గోడకు తగిలించిన ఛార్జరు తీగ మాత్రమే. మఱునాడు తరగతిలోనే ఆ బాలునితో నా పొరపాటు నొప్పుకొంటిని.

పదిమంది కన్యకల యుపమానమును మన విద్యార్థులందఱును ఎఱుగుదురు. దివిటీలుండియు నూనె తెచ్చుకొనని యైదుగురిని బుద్ధిలేనివారని చెప్పుట న్యాయమే. డేటాయంతయు పగలే ఆటలకు వ్యయము చేసి, సాయంకాలము పాఠమునకు లేదని చెప్పు బాలునికి ఆ మాట తగును. కాని దివిటీయే ఇంట లేని బాలుని ఆ యైదుగురిలో చేర్చుట ధర్మము కాదు.

2020 మార్చిలో కోవిడు వ్యాధి కారణమున పాఠశాలలు మూతవడినప్పుడు ఈ సత్యము మనకందఱకును కనబడెను. అప్పుడు తండ్రులును ఇంటనే యుండిరి గనుక ఫోను ఇంటనే యుండెను. అయినను ఇద్దఱు ముగ్గురు బిడ్డలకు ఒకే ఫోను చాలలేదు. ఆ కారణముచేతనే తెలంగాణ ప్రభుత్వము 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములమూలమున పాఠములు చెప్పించెను. ఆంధ్రప్రదేశమున దూరదర్శన్ సప్తగిరిమూలమున పాఠములు ప్రసారమయ్యెను. టెలివిజను ఇంటినుండి కదలదు గదా! ఆ వ్యాధి తగ్గి పాఠశాలలు తెఱచిన పిమ్మట తండ్రులు పనులకు పోయిరి, ఫోనులును వారివెంట పోయెను. కాని ఫోనుమూలమున ఇంటిపని పంపు అలవాటు మాత్రము మనయొద్దనే మిగిలిపోయెను. ఆపత్కాలమున నూతకఱ్ఱగా పనికివచ్చినదానిని మనము రాజమార్గముగా భావించితిమి.

ప్రభుత్వముయొక్క లెక్కలు ఈ విషయమున నేమి చెప్పుచున్నవో చూతము. జాతీయ గణాంక కార్యాలయమువారు 2017–18లో జరిపిన 75వ విడత సర్వేక్షణము ప్రకారము, మన దేశమున అంతర్జాల సౌకర్యముగల కుటుంబములు నూటికి 24 మాత్రమే. గ్రామములలో నూటికి 15, పట్టణములలో 42. కంప్యూటరుగల కుటుంబములు నూటికి 11 కూడ లేవు. 2025 జనవరి మొదలు మార్చి వఱకు జరిపిన సర్వేక్షణమున, ఇంటియందే అంతర్జాలము లభించు కుటుంబములు నూటికి 86.3 అని తేలెను. ఏడెనిమిదేండ్లలో ఇంతటి వృద్ధి సంతోషింపదగినదే. కాని అదే సర్వేక్షణమున, కనీసము ఒక స్మార్టుఫోనుగల కుటుంబములు నూటికి 85.5 అని కలదు. ఈ రెండంకెలును కవలపిల్లలవలె నున్నవి. దీనినిబట్టి మనము 'ఇంటి అంతర్జాలము' అనుచున్నది చాల యిండ్లలో ఆ ఫోనేయని యూహింపవచ్చును. టెలికాం నియంత్రణ సంస్థవారి లెక్కలు గూడ ఈ యూహను బలపఱచుచున్నవి. 2025 ఆరంభమున తీగమూలమున బ్రాడ్‌బ్యాండు పొందువారు సుమారు 4 కోట్లు. తీగలేని బ్రాడ్‌బ్యాండు కనెక్షనులు సుమారు 90 కోట్లు. ఒకటి సామాన్యముగా ఇంటికొకటి, రెండవది మనిషికొకటి గనుక వీనిని సరిసమానముగా పోల్చరాదు. అయినను దేశముయొక్క అంతర్జాలము దేని భుజములపై నడచుచున్నదో తెలియుట కివి చాలును.

"తీగ కనెక్షను చౌకయే గదా, తీసికొనకూడదా?" అని కొందఱు మిత్రు లడుగుదురు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టును 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు అమరావతిలో ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకే టెలివిజను, టెలిఫోను, అంతర్జాలము మూడును ఇత్తుమని అప్పుడు ప్రకటించిరి. తెలంగాణమున టీ-ఫైబర్ ఈ పనికే యేర్పడినది. గ్రామపంచాయతీలకు కాంతితంతువులను చేర్చుటకు కేంద్రప్రభుత్వము 2011లో మొదలిడిన పనియే నేటి భారత్‌నెట్. ఈ యత్నములను నేను గౌరవింతును. తీగ తమ వీధికి వచ్చినవారు, చెల్లింపగలవారు, తప్పక తీసికొనవలెననియే నా సలహా. కాని ప్రైవేటు కంపెనీల తీగ కనెక్షనులకు సామాన్యముగా నెలకు 400, 500 రూపాయలును, దానిపై నూటికి 18 వంతున పన్నును చెల్లింపవలెను. తీగ వచ్చినదని తండ్రి తన ఫోను రీఛార్జి మానుకొనగలడా? మానుకొనలేడు. కావున ఇది పాత వ్యయమునకు బదులు వచ్చు వ్యయము కాదు, దానిపై మఱియొక వ్యయము. దినకూలితో బియ్యము కొనుకొను గృహమునకు ఈ భేదము పెద్దది.

"పిల్లలకు అంతర్జాలము లేకుండుటయే మేలు, చెడిపోకుందురు" అని మఱికొందఱు పెద్ద లనుదురు. చెడు పుస్తకములున్నవని మనము గ్రంథాలయమును మూసివేయలేదు. కలిగినవారి బిడ్డ యింటివద్ద నిఘంటువు చూచుకొనుచు, వినని పాఠమును మఱల వినుచు ముందుకు సాగుచుండగా, లేనివారి బిడ్డకు మాత్రము 'నీకిది హానికరము' అని చెప్పుట ధర్మముగా తోచదు. నిజమునకు హాట్‌స్పాట్‌లో నొక సుగుణమున్నది. కొలత స్వల్పముగా నుండుటచేతను, పెద్దవారి ఫోను పెద్దవారి యెదుటనే యుండుటచేతను, బాలుడు ఏమి చూచుచున్నాడో ఇంటిల్లిపాదికిని తెలియును. తలుపు మూసిన గదిలోని కొలతలేని వేగముకంటె, నట్టింటిలోని కొలతగల వేగమే చిన్నబిడ్డలకు క్షేమకరమని నేను తలంచుచున్నాను.

కావున తల్లిదండ్రులకు నా మనవి. ఫోను ఇంటికి వచ్చిన పిమ్మట మొదటి గంటను చదువునకు కేటాయింపుడు. వినోద దృశ్యములు తరువాత చూడవచ్చును. ఫోనును ఇంటి నడుమ పెట్టెమీద నుంచుటకంటె, టవరు తరంగములు బాగుగా తగులు కిటికీవద్ద, ఎండ తగులని చోట నుంచుడు. లాప్‌టాపు దగ్గఱనే యున్నచో వైఫైకంటె యూఎస్‌బీ తీగ మేలు. సంబంధము స్థిరముగా నుండును, వైఫై తరంగములు వెదజల్లు శ్రమ ఫోనుకు తప్పును. కంప్యూటరునందు 'మీటర్డ్ కనెక్షన్' అను గుర్తును ఎంచుకొన్నచో అది పెద్ద ఫైళ్లను చాలవఱకు తనంతట తాను దింపుకొనదు. హాట్‌స్పాట్‌కు దృఢమైన రహస్యపదము పెట్టుడు. పని ముగిసినంతనే దానిని మూయుడు. వీధిలో నెవడో మీ సంబంధముతో చెడుపని చేసిన విచారణ మీ గడపకే వచ్చును. తెర పగిలినను పనిచేయుచున్న పాత ఫోను ఇంట నున్నదా? శక్తి గలిగినప్పుడు దానిలో నొక సిమ్ము వేసి ఇంటివద్దనే యుంచుడు. పగిలిన తెర హాట్‌స్పాట్‌కు అడ్డు కాదు. ఆ దీపము మాత్రము ఇంటినుండి కదలకుండును.

విద్యార్థులారా! ఫోను చేతికి రాకముందే మీకేమి కావలెనో కాగితముమీద వ్రాసికొనుడు. వచ్చినంతనే ఆ ఫైళ్లను దింపుకొని, సంబంధము మూసి, ఆపైన నెమ్మదిగా చదువుకొనుడు. చదువుటకు అంతర్జాలము అక్కఱలేదు, తెచ్చుకొనుటకే కావలెను. కుండతో నీరు తెచ్చుకొనినవారు త్రాగునంతసేపు చెఱువుగట్టుననే కూర్చుండరు గదా! అక్క పరీక్షకు చదువుచున్నప్పుడు మీ యాటను మానుకొనుడు. పగలంతయు పనిచేసి వచ్చిన తండ్రి ఫోనును మీకిచ్చుచున్నాడనగా, తన విశ్రాంతిలో నొక భాగము నిచ్చుచున్నాడని తెలిసికొనుడు. తరగతిలో మీ ప్రక్క బాలుడు లెక్కలు చేయక వచ్చినచో నవ్వకుడు. మీరు వ్రాసికొన్న ప్రశ్నలను వానికి చూపుడు.

ఇక పాఠశాలకును, నాతోడి యుపాధ్యాయులకును చెప్పవలసిన మాటలు కలవు. వీనిలో మొదటి ముద్దాయిని నేనే గనుక ధైర్యముగా చెప్పుచున్నాను. ఇంటిపనిని బడి విడుచుటకు ముందే నల్లబల్లపై వ్రాసి, బాలురచేత నోటుపుస్తకములలో ఎక్కించవలెను. ఫోనుమూలమున పంపినచో అది జ్ఞాపకముకొఱకే గాని మొదటి వార్తగా నుండరాదు. పంపవలసినది అక్షరములలో పంపవలెను. మఱునాటికే కావలెనని రాత్రివేళ దేనిని కోరరాదు, రెండు దినముల వ్యవధి నీయవలెను. బాలుని ప్రవేశపత్రమునందు 'ఇంట ఫోను కలదా?' అని యడుగుట చాలదు. 'సాయంకాలము ఆఱుగంటలకు ఆ ఫోను ఎవరియొద్ద నుండును?' అని యడుగవలెను. ఈ యొక్క ప్రశ్న మనకు చాల సంగతులను తెలియజేయును.

అన్నిటికంటె ముఖ్యమైనది, మన గ్రంథాలయమును సాయంకాలము మఱి రెండుగంటలు తెఱచియుంచవలెను. పాఠశాలకు తీగ కనెక్షను కలదు. బడి విడిచిన పిమ్మట అది తాళము వేసిన గదిలో వ్యర్థముగా పడియుండును. అదే వేళ బాలురు ఇంటివద్ద తండ్రి రాకకు ఎదురుచూచుచుందురు. ఇంతకంటె వింత గలదా? ఒక యుపాధ్యాయుడు వంతుప్రకారము కూర్చుండినచో ఆ రెండుగంటలు ఎందఱో బాలురకు ఉపకరించును. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన పీఎం-వాణి పథకము ప్రకారము, చిన్న దుకాణదారుడు సైతము లైసెన్సు రుసుము లేకయే ప్రజలకు వైఫై నందింపవచ్చును. కిరాణాకొట్టునకు సాధ్యమని ప్రభుత్వము తలంచిన పని, విద్యాదానమునకే వెలసిన మన సంస్థకు అసాధ్యమగునా? సంఘపెద్దలును, పూర్వవిద్యార్థులును ఈ విషయమును ఆలోచింప ప్రార్థించుచున్నాను.

కడపట నొక మాట. చేతిఫోను హాట్‌స్పాట్ పేదవాని యంతర్జాలము. దానిని నేను నిందింపను. లేనిచోట అది గొప్ప వరము. కాని వరమును పొందినవాని యింటిని సంపన్నగృహముగా నెంచి పన్ను విధించుట తగదు. ఆ తల్లి నన్నడిగిన ప్రశ్నకు ఇప్పుడు నాయొద్ద నుత్తరమున్నది: "అమ్మా, పడుకోనివ్వండి. వాడి పాఠము బడిలోనే ముగియునట్లు మేము చూచుకొందుము." ఈ యుత్తరమును మనమందఱమును చెప్పగల దినము రాబోవు విద్యాసంవత్సరముననే వచ్చుగాక యనియు, వెలుగునకు కర్తయైన సర్వేశ్వరుడు మన గృహములందలి చిన్న దీపములను, వానిని నమ్ముకొన్న బిడ్డలను కాపాడుగాక యనియు ప్రార్థించుచు విరమించుచున్నాను.